అరుగు కట్టమంటే

అరుగు కట్టడం పూర్తయి పదిహేను రోజులయింది. ఇంతవరకూ దానిమీద ఒక్క మనిషీ కూర్చోలేదు. బ్రహ్మలింగానికి వచ్చిపడిన కష్టం ఇదీ.

పని పాడుగా ఉంటే సరే అనుకోవచ్చు. అలాంటి పని ఆ చుట్టుపట్ల ఏ ఊళ్లోనూ లేదు. నల్లరాతిని చెయ్యి జారిపోయేంత నునుపు చేశాడు. అంచు పొడవునా తామరరేకులు చెక్కాడు. ఒక్కో రేకు కొస కాస్త పైకి లేచి, అప్పుడే విచ్చుకుంటున్నట్టు ఉంటుంది. నాలుగు నెలల పాటు ఒళ్లు దాచుకోకుండా చేసిన పని అది. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. వేలేసుకుని, చెప్పులు విప్పి, ఒక దణ్ణం పెట్టి, పక్కనున్న దుమ్ములో చతికిలబడ్డారు.

నడిచి నడిచి కాళ్లు వాచిపోయినవాళ్లు, చంకలో బిడ్డలున్నవాళ్లు, బండి కుదుపులకు నడుం పట్టేసినవాళ్లు, అందరిదీ అదే తంతు. ఎదురుగా అంత చక్కని అరుగు పెట్టుకుని నేలమీద కూర్చుంటారేమిటో అతనికి అంతుపట్టలేదు.

శ్రీశైలం వెళ్లే నడకదారిలో, అడవి మొదలయ్యే చోట గుండ్లపెంట అనే ఊరుంది. ఊరి చివర యాత్రికుల సత్రం. ఎవరు ఎక్కడివారు, ఏ కులంవారు అని అడిగే అలవాటు ఆ సత్రంలో లేదు. దాన్ని కట్టింది రుద్రాచారి. ఆ ఊళ్లో బావి కట్టిందీ ఆయనే, వాగుకు అడ్డుగోడ కట్టిందీ ఆయనే. డెబ్బై ఏళ్లు దాటాయి. పునాది ఎంత లోతు తియ్యాలో కాలితో నేలను నాలుగుసార్లు తొక్కి చెప్పేవాడు. ఒకసారి పక్క ఊళ్లో కొత్తగోడ చూడమని పిలిస్తే, వెళ్లి దానికి వీపు ఆనించి నిలబడి, "ఈడ ఒక ధాన్యం గింజంత బయటికొచ్చింది" అన్నాడట. నూలుతాడు పట్టి చూస్తే అంతే వచ్చింది. ఆ చేతికీ ఆ వీపుకూ దణ్ణం పెట్టని మేస్త్రీ ఆ ప్రాంతంలో లేడు.

అంతటివాడికి నోట్లో మాట మాత్రం పెగలదు. రోజంతా ఆయన మాట్లాడిన మాటలు కలిపినా దోసెడు కావు సరికదా, గుప్పెడు కూడా కావు. పన్నెండేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న బ్రహ్మలింగం ఒక్కసారైనా "బాగుంది" అనిపించుకోలేదు. బాగులేకపోతే ఆయన ఉలి తీసుకుని సరిచేసేవాడు. బాగుంటే దాటుకుని పోయేవాడు. ఆయన దాటుకుని పోయిన రోజే శిష్యులకు పండగ.

బ్రహ్మలింగం నడుమ రెండేళ్లు పట్నం వెళ్లి ఒక పండితుడి దగ్గర శిల్పశాస్త్రం చదువుకున్నాడు. అక్కడే అతనికి మాటల పిచ్చి పట్టుకుంది. తిరిగి వచ్చాక తలుపు చెక్కుతూ కవాటం అనేవాడు, కిటికీ పెడుతూ గవాక్షం అనేవాడు. తోటి పనివాళ్లు అతని ముందు తలూపి, వెనక నవ్వుకునేవాళ్లు. గురువు మాత్రం నవ్వలేదు, తప్పనీ అనలేదు.

ఇలా ఉండగా పెదకోన దేవాలయం పెద్దల దగ్గరనుంచి కబురు వచ్చింది. అక్కడ కళ్యాణ మండపం కట్టాలి. రుద్రాచారిగారికి ఓపిక లేదని తెలుసు కనుక ఆయన శిష్యుల్లో తగినవాణ్ణి పంపమని అడిగారు. పదేళ్ల పని అది. చేపట్టినవాడి పేరు మూడు తరాలు నిలుస్తుంది. రుద్రాచారి, "శివరాత్రి ముందు వచ్చి పని చూసుకుని పొండి" అని చెప్పి పంపాడు. చెప్పి, బ్రహ్మలింగాన్ని పిలిచి, "సత్రం ముందర ఒక అరుగు కట్టు" అన్నాడు.

బ్రహ్మలింగం ఉసూరుమన్నాడు. మండపం కట్టబోయేవాడి పనితనం అరుగులో ఏం కనిపిస్తుంది? గోపురం కాదు, కనీసం ఒక ద్వారబంధమైనా కాదు. కాసేపు గింజుకున్నాక అతని చదువు అతన్ని ఆదుకుంది. గురువు ముందు కూర్చుని ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. అరుగు, తిన్నె, గద్దె, పీఠం, వేదిక, వితర్ది. నేలకంటే ఎత్తుగా, పైన చదునుగా కట్టిన దేనికైనా ఈ మాటల్లో ఏదైనా చెల్లుతుంది. పండితుడి దగ్గరున్న నిఘంటువులో ఇవన్నీ ఒకే వరసలో ఉన్నాయి. వేదికకు శాస్త్రంలో కొలతలున్నాయి, అంచు అలంకారాలున్నాయి. కనుక సత్రం ముందు వేదిక కడితే అరుగు కట్టినట్టే.

రుద్రాచారి ఆ వరసంతా చివరిదాకా విన్నాడు.

"మీయమ్మ వీటిల్లో దేనిమీద కూచోని బియ్యం ఏరేది?" అని అడిగాడు.

బ్రహ్మలింగానికి నవ్వొచ్చింది. "అరుగుమీద, అయ్యా" అన్నాడు. పెద్దాయనకు చాదస్తం మొదలైందనుకున్నాడు గానీ, ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో ఆలోచించలేదు. మర్నాడే నల్లరాయికి మనుషుల్ని పంపాడు.

ఆ నాలుగు నెలల్లో గురువు రెండుసార్లు అటు వచ్చాడు. రెండుసార్లూ ఆగి చూశాడు. దాటుకుని పోలేదు, ఉలీ అడగలేదు. అది ఏ లెక్కలో పడుతుందో తెలియక బ్రహ్మలింగం ఆ రెండు రాత్రులూ నిద్రపోలేదు. చివరికి మంచి లెక్కలోనే వేసుకున్నాడు. పనివాడు తన పనిని అంతకంటే వేరుగా ఎలా లెక్కేసుకుంటాడు?

పదహారో రోజు పొద్దున ఈదమ్మ వచ్చింది. కొండకింది గూడెంనుంచి రేగుపళ్లు తెచ్చి యాత్రికులకు అమ్ముకునే ముసలావిడ. నెత్తిన నిండుబుట్టతో వచ్చి, అరుగు పక్కనే నిలబడి, "ఎవురన్నా ఒక చెయ్యి ఎయ్యండయ్యా, బుట్ట దించుకుంటా" అని పిలిచింది. అప్పటికి అక్కడ ఎవరూ లేరు. మెడనరాలు ఉబ్బి, కాళ్లు వణుకుతున్నాయి. ఆమె భుజానికి కాస్త కిందగా, కావాలని కొలిచి పెట్టినంత సరిగ్గా, అరుగు అంచు ఉంది. రెండడుగులు వేస్తే బుట్ట దానిమీదికి జారేది. ఆమె వెయ్యలేదు.

బ్రహ్మలింగం పరుగున వెళ్లి బుట్ట అందుకున్నాడు. కింద పెట్టాక, అరుగు ఉండగా ఎందుకింత అవస్థ అని కొంచెం కోపంగానే అడిగాడు.

"ఇదరుగా సామీ? గద్దె గదా" అంది ఈదమ్మ. "అమ్మవారిని ఎప్పుడు తెస్తన్నారు?"

అతను అరుగువైపు తిరిగాడు. అప్పుడు చూశాడు, తామరరేకుల నడుమ ఎవరో పసుపు రాసి పెట్టిన బొట్టు. దానికింద కోసిన నిమ్మకాయ చెక్కలు రెండు, ఎండిపోయి ఉన్నాయి.

తిన్నగా గురువు దగ్గరికి వెళ్లాడు. ఈ జనానికి కళ్లు లేవన్నాడు, వస్తువు విలువ తెలియదన్నాడు, మంచి అరుగుమీద కూర్చునే యోగం కూడా వీళ్లకు లేదన్నాడు. రుద్రాచారి ఉలికి పదును పెట్టుకుంటున్నాడు. పదును పెట్టడం అయ్యేదాకా విని, చేతులు తుడుచుకుని, "పద" అన్నాడు.

వాళ్లు వెళ్లేసరికి సత్రం ముందు పదిమంది దాకా యాత్రికులు దిగారు. అంతా నేలమీదే. రుద్రాచారి వాళ్లను దాటుకుని మెట్లెక్కి, అరుగు నడుమ కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మరేమీ చెయ్యలేదు.

మాటలు ఆగిపోయాయి. బండితోలేవాడు కాలుమీదినుంచి కాలు తీసేశాడు. ఎవరో ఒకాయన లేచి చేతులు జోడించాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ లేచారు. ఒక తల్లి ముందుకొచ్చి, చంకలో బిడ్డను ఆయన పాదాల దగ్గర పడుకోబెట్టింది. బిడ్డకు పదిరోజులుగా దగ్గు తగ్గడంలేదట, కొంచెం విబూది ఇప్పించమంది. ఊరివాడైన బండితోలేవాడికి ఆయనెవరో తెలుసు. పోయిన వారమే ఆయనకు ఎద్దు గిట్టల గురించి గంటసేపు చెప్పుకొచ్చాడు. అయినా వాడి చేతులూ జోడించే ఉన్నాయి.

రుద్రాచారి బిడ్డను ఎత్తి తల్లి చేతికిచ్చాడు. మెల్లగా మెట్లు దిగి బండితోలేవాడి పక్కన దుమ్ములో కూర్చున్నాడు.

జోడించిన చేతులు ఎవరికి వారుగా దింపుకున్నారు. తర్వాత ఆ తల్లి, "ఏం తాతా, దగ్గుకు మీ వైపు ఏం పోస్తారు?" అని అడిగింది. శొంఠి, మిరియాలు అని ఆయన చెప్పాడు. బండితోలేవాడు ఎద్దు సంగతి ఎత్తుకున్నాడు.

రుద్రాచారి మొహం తిప్పి శిష్యుడి వైపు చూశాడు.

"పైనున్నప్పుడూ నేనేరా" అన్నాడు.

బ్రహ్మలింగానికి తల కొట్టేసినట్టయింది. రేకులు దేవుడివని పసివాడికి కూడా తెలుసు. దేవుడి కింద చెక్కేది తామర. తిరిగి తిరిగి అలిసిన మనిషి దానిమీద మురికికాళ్లు ఎలా పెడతాడు? పన్నెండేళ్లు రాతితో బతికినవాడికి తెలియని ఆ సంగతి రేగుపళ్లమ్మే ఈదమ్మకు తెలిసింది. తెలియకపోవడం కూడా కాదు. అది అతనికి తెలుసు. పెదకోన పెద్దలు మెచ్చుకోవాలన్న ఆరాటంలో ఆ తెలిసినదాన్ని మాటల కింద దాచుకున్నాడు. అందుకే సిగ్గు ఎక్కువైంది.

సాయంత్రం గురువు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వాళ్లు రావడానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయన్నాడు. ఆ రేకులు తీసేస్తే వాళ్లకు చూపించడానికి తన చేతిపని అంటూ ఏదీ మిగలదన్నాడు.

"అవును" అన్నాడు రుద్రాచారి.

ఇంకేమైనా అంటాడేమోనని బ్రహ్మలింగం చాలాసేపు నిలబడ్డాడు. ఆయన అన్నానికి లేచాడు.

తర్వాత మూడు రోజులు బ్రహ్మలింగం ఉలి ముట్టలేదు. పొద్దున్నే వెళ్లి యాత్రికుల మధ్య దుమ్ములో కూర్చునేవాడు. మొదట్లో తన బాధలో తనుండేవాడు. రెండోరోజుకు చుట్టూ మనుషులు కనిపించడం మొదలైంది. దూరంనుంచి వచ్చినవాళ్లు కూర్చోరు, కూలబడతారు. అంటే మోకాలి ఎత్తు దాటితే వాళ్లకు అందదు. కూలబడ్డాక ముందు వెతుక్కునేది వీపుకు ఆసరా. ఆ తర్వాత ఒక కాలు పైకి మడుచుకుని వేళ్లు నొక్కుకుంటారు. తల్లులు బిడ్డను పక్కన పడుకోబెట్టుకునేందుకు చోటు చూసుకుంటారు, బిడ్డ దొర్లిపోకుండా లోపలివైపు. మధ్యాహ్నం ఎండ పడమటి కొసమీద పడితే అందరూ తూర్పుకు జరుగుతారు. ఇవేవీ శాస్త్రంలో లేవు. ఉంటే పండితుడు చెప్పేవాడేమో, లేదా ఆయనా ఎప్పుడూ అంతదూరం నడిచి ఉండడు.

ఈదమ్మ రోజూ వచ్చేది. రోజూ ఎవరో ఒకరి చెయ్యికోసం నిలబడేది.

నాలుగోరోజు తెల్లారేసరికి సత్రం ముందు సుత్తి చప్పుడు మొదలైంది. మొదటి రేకు విరిగినప్పుడు బ్రహ్మలింగానికి కళ్లనీళ్లు తిరిగాయి. రెండోదానికీ తిరిగాయి. పదోదానికి పని పనిలాగే సాగింది. తోటి పనివాళ్లు వీడికి మతి చెడిందని గురువు దగ్గరికి పరుగెత్తారు. ఆయన అడ్డం చెప్పలేదు. మర్నాడు వచ్చి, కిందపడ్డ రేకు ముక్కల్ని తట్టలోకి ఎత్తుకున్నాడు. ఆ వయసులో ఆయన తట్ట మొయ్యడం చూసి ఇద్దరు అడ్డం వెళితే తప్పుకోమన్నాడు. సత్రం ముందు దారిలో బండిచక్రాలు దిగబడే గుంట ఒకటుంది. ముక్కలన్నీ తీసుకెళ్లి దాంట్లో పోసి, కాలితో తొక్కి చదును చేశాడు. అలా ఏడుసార్లు తిరిగాడు.

ఆయన్ను చూసి బ్రహ్మలింగానికి దుఃఖం ఆగలేదు. ఆ దుఃఖం రేకుల గురించి కాదు. ఇంతటి మనిషి తన తప్పును తట్టలో మోస్తున్నాడే అని.

పైవరసల రాళ్లు ఊడదీసి, మూరెత్తుకు దించి మళ్లీ పేర్చాడు. నునుపు మీద గరుకుగా చెక్కాడు, తడికాలు జారకుండా. సత్రం గోడవైపు కాస్త వాలు పెట్టాడు. ఎండ పడే పడమటి కొసను మాత్రం దించలేదు. అక్కడ రెండు మూరల వెడల్పున పాత ఎత్తు అలాగే ఉంచి, అంచులు గుండ్రంగా చేసి వదిలేశాడు. అది ఎందుకని పనివాళ్లు అడిగారు. అతను చెప్పలేదు, గురువు దగ్గర నేర్చుకున్నది రాతిపని ఒక్కటే కాదు కదా, మౌనం కూడా నేర్చుకున్నాడు.

పని ముగిసిన రోజు రుద్రాచారి అటుగా వచ్చాడు. ఆగకుండా దాటుకుని పోయాడు.

పెదకోన పెద్దలు చెప్పిన రోజుకే వచ్చారు. ముగ్గురు. వాళ్లలో ముఖ్యుడు ధర్మకర్త ఓబులరెడ్డి. రాళ్లదారిలో బండి కుదుపులకు ఆయన మోకాళ్లు పట్టేశాయి. బండి దిగుతూనే రెండడుగులు వేసి, ఎదురుగా ఉన్నదానిమీద కూలబడి, తలపాగా తీసి పక్కన పెట్టాడు. ఒక కాలు పైకి మడుచుకుని నొక్కుకోవడం మొదలుపెట్టాడు. రెండో ఆయన గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు. మూడో ఆయన అయితే తువ్వాలు తలకింద పెట్టుకుని పడుకునే పడుకున్నాడు. అప్పటికే అక్కడ ఐదారుగురు యాత్రికులున్నారు. వాళ్లు కాస్త జరిగారు.

రుద్రాచారి మంచినీళ్లు తెప్పించాడు. బ్రహ్మలింగం సత్రం గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. చూపించడానికి ఏదీ లేదని రెడ్డిగారితో ఎవరు చెప్పాలి, తనా, గురువుగారా?

అంతలో ఈదమ్మ వచ్చింది. వచ్చి ఎవర్నీ పిలవలేదు. పడమటి కొసకు వెళ్లి, అటు తిరిగి నిలబడి, బుట్టను నెత్తినుంచి రాతిమీదికి జార్చింది. "అమ్మయ్య" అనుకుని పక్కనే కూర్చుని కొంగుతో విసురుకుంది. తర్వాత నాలుగు గుప్పిళ్ల రేగుపళ్లు ఓబులరెడ్డి ముందు పోసింది. ఆయన తింటూ, మీ గూడెంలో ఈ ఏడు వానలెట్టా పడినాయని అడిగాడు. ఆమె చెప్పింది. గోడకు ఆనుకున్నాయన కళ్లు తెరిచి ఆ మాటల్లో దిగాడు. అడవి గురించి, ఈసారి శివరాత్రికి వచ్చే జనం గురించి, ఎవరిదో తప్పిపోయిన ఆవు గురించి చాలాసేపు నడిచాయి మాటలు.

ఎండ బాగా వాలింది. ఓబులరెడ్డి గింజలు ఊసి, అప్పుడు గుర్తొచ్చినట్టు తల తిప్పాడు.

"ఆచారిగారూ, మాటల్లో పడి పొద్దు పోనిచ్చినాం" అన్నాడు. "మీ శిష్యుడి పని చూసుకోని పొమ్మంటిరి గదా. యాడుందో చూపించండి, చీకటి పడకముందే చూసి బయలుదేరతాం."

బ్రహ్మలింగం తల వంచుకున్నాడు.

"మీరు కూచున్నదే, రెడ్డిగారూ" అన్నాడు రుద్రాచారి.

ఓబులరెడ్డికి మొదట అర్థం కాలేదు. తర్వాత కిందికి చూశాడు. పక్కనున్న రాతిని అరచేత్తో మెల్లగా తడిమాడు. గోడకు ఆనుకున్న మనిషి వీపును చూశాడు, లోపలివైపు నిద్రపోతున్న ఎవరిదో బిడ్డను చూశాడు, కొసన ఉన్న రేగుపళ్ల బుట్టను చూశాడు. ఆ బుట్ట కింద రాయి ఎందుకంత ఎత్తు ఉందో ఆలోచిస్తూ ఈదమ్మ నెత్తి వైపు చూశాడు.

ఆ తర్వాత పక్కనున్న తలపాగాను ఒళ్లోకి తీసుకుని, కొంచెం పక్కకు జరిగాడు.

"రా నాయనా, కూచో" అన్నాడు బ్రహ్మలింగంతో. "మండపం సంగతి మాట్లాడుకుందాం."

కట్టిన నాటినుంచి బ్రహ్మలింగం దానిమీద కూర్చోనే లేదు. గురువు వైపు చూశాడు. ఆయన అప్పటికే సత్రం దాటుకుని ఇంటిదారి పట్టాడు.

బ్రహ్మలింగం వెళ్లి రెడ్డిగారి పక్కన కూర్చున్నాడు.